శుక్రవారానికి బాకీలు ఉంచుకోకు

ప్రశ్న: సార్, మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్‌లో చేస్తున్నాను. వచ్చే శుక్రవారంతో అయిపోతుంది. ఆ రోజు ఎలా ఉండాలో తెలియక టెన్షన్‌గా ఉంది. అందరికీ స్వీట్లు పంచాలా? వాట్సాప్ గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టాలా? కాలేజీకి ఇవ్వాల్సిన లాగ్‌బుక్‌లో మూడు వారాల సంతకాలు పెండింగ్ ఉన్నాయి. రిపోర్టు కోసం హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) గ్రాఫులు ఫోటో తీసుకోవచ్చా? ఉద్యోగం సంగతి అడిగితే ఏమైనా అనుకుంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: అన్నిటికన్నా పెద్ద విషయాన్ని తెలివిగా మధ్యలో ఇరికించావు తల్లీ. ముందు ఆ లాగ్‌బుక్ సంగతి చూద్దాం.

ఉన్నత విద్యామండలి నమూనా ప్రకారం ఉండే ఆ పుస్తకంలో రోజువారీ పని రాసే చోట ఇన్‌ఛార్జి సంతకానికి గడి ఉంటుంది. చాలామంది పిల్లలు ఆఖరి రోజు మధ్యాహ్నం పుస్తకం పట్టుకెళ్లి, ‘సార్, పాత తేదీలు వేసి సంతకాలు పెట్టేయండి’ అంటారు. వేరే ఆఫీసుల్లో నవ్వుకుంటూ పెట్టేస్తారేమో. నేను రిటైరయ్యేదాకా క్యూసీలోనే ఉన్నాను. మా దగ్గర పాత తేదీతో సంతకం పెట్టడమంటే ఉద్యోగానికే ఎసరు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు తనిఖీకి వస్తే పట్టి పట్టి చూసేవాటిలో ఇదొకటి. అలాంటిది మీ ఇన్‌ఛార్జి మేడమ్‌ని ఆ పని చేయమని అడుగుతావా?

సోమవారమే వెళ్లు. ‘మేడమ్, మూడు వారాలవి రాయడం ఆలస్యం చేశాను. చూసి, ఈ రోజు తేదీతోనే సంతకం పెట్టండి’ అని అడుగు. నీ రఫ్ నోట్సులో ఉన్నది మాత్రమే ఎక్కించు, గుర్తులేని రోజుకు కథ అల్లకు. రాతలో తప్పు దొర్లితే ఒకే ఒక్క గీత కొట్టి, కింద ఉన్నది కనబడేలా ఉంచి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం, తేదీ వెయ్యి. వైట్‌నర్ జోలికి పోకు. కాలేజీ పుస్తకమే కదా అనుకోవద్దు. నీకు పని ఎంతవరకు ఒంటబట్టిందో మీ ఇన్‌ఛార్జి ఆ పేజీల్లోనే చూస్తారు.

ఇక నీ బెంచీ. ఇంటర్న్‌లను బ్యాచ్ రిలీజ్ (మందును బయటికి పంపే ముందు చేసే) పరీక్షలకు ఒంటరిగా కూర్చోబెట్టరు కాబట్టి నువ్వు చేసినవి ప్రాక్టీస్ టైట్రేషన్లు, పీహెచ్ మీటర్ కాలిబ్రేషన్ లాంటివి అయ్యుంటాయి. ఆ ప్రాక్టీసులో కలిపిన ద్రావణాలు ఏదో ర్యాక్‌లో ఉండే ఉంటాయి. మా ల్యాబ్‌లో ఓసారి ఒక ట్రైనీ వెళ్లిపోయాక ఘాటు ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ మూల నుంచి లేబుల్ లేని ఫ్లాస్కు బయటపడింది. లోపల లేత పసుపు ద్రవం. వాడదామా అంటే ఏమిటో తెలియదు. పారబోద్దామా అంటే యాసిడ్ డబ్బాలో పోయాలో, సాల్వెంట్ డబ్బాలో పోయాలో తెలియదు. తప్పు డబ్బాలో పోస్తే ప్రమాదం. ఆ అబ్బాయికి ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. సేఫ్టీ వాళ్లు వచ్చి తీసుకెళ్లారు, మేం డీవియేషన్ (పద్ధతి తప్పిందన్న రిపోర్టు) రాసి విచారణ చేశాం. అబ్బాయి మంచి పనిమంతుడే. కానీ ఆ తర్వాత ల్యాబ్‌లో అతని పేరెత్తితే ‘ఎవరు, ఆ ఫ్లాస్కు కుర్రాడా?’ అనేవారు.

అందుకే గురువారమే నీ చేతిరాత ఉన్న ప్రతి సీసా బయటికి తీసి మీ కెమిస్ట్ మేడమ్‌కు చూపించు. ఉంచాల్సినవి, పారబోయాల్సినవి ఆమే చెబుతారు. నీ పేరున కంప్యూటర్ లాగిన్ ఇచ్చి ఉంటే దాన్ని తీసేయమని కూడా గుర్తు చెయ్యి. ఒకరి లాగిన్ ఇంకొకరు వాడకూడదన్నది కంప్యూటర్ రికార్డుల మీద అమెరికాలో 1997 నుంచి ఉన్న పార్ట్ 11 నిబంధన. నువ్వు వెళ్లిన వారానికి నీ పేరున యంత్రంలో ఒక రన్ (పరీక్ష) కనబడితే సమాధానం చెప్పుకోవాల్సింది వాళ్లు.

గ్రాఫుల ఫోటోలు వద్దే వద్దు. అందులో ప్రొడక్టు పేరు, బ్యాచ్ నంబరు ఉంటాయి, అవి కంపెనీ సొత్తు. రిపోర్టులో పరికరం బొమ్మ చేత్తో వేసుకో, సూత్రం రాసుకో. నీటి శాతం కొలిచే కార్ల్ ఫిషర్ పద్ధతి గురించి రాస్తే, రీజెంట్ ఫ్యాక్టర్ (ఒక మిల్లీలీటరు రీజెంట్ ఎంత నీటికి సరిపోతుందో ఆ లెక్క) తీయడానికి వాడే సోడియం టార్ట్రేట్ డైహైడ్రేట్‌లో నీరు 15.66 శాతం ఉంటుందనీ, ఆ లెక్క ఎలా వస్తుందనీ రాస్తే మీ లెక్చరర్‌కు ఏ ఫోటో అక్కర్లేదు. గ్రాఫు తప్పదంటే ఆ వివరాలు తీసేసిన కాపీ కోసం రాతపూర్వకంగా అడుగు.

సర్టిఫికెట్ కోసం హెచ్‌ఆర్‌ను శుక్రవారం దాకా ఆగకుండా ఈ వారమే అడుగు. చేతికి రాగానే పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉందో లేదో, తేదీలు సరిపోయాయో లేదో అక్కడే చూసుకో. ఆప్రాన్, ఐడీ కార్డు, లాకర్ తాళం అప్పగించాకే గేటు దాటు.

స్వీట్లంటావా, శుభ్రంగా పంచు. మీ జిల్లాలోనే మాడుగుల హల్వా ఉండగా వేరేది దేనికి? కాకపోతే ల్యాబ్‌లోకి తినేవేవీ తీసుకెళ్లకూడదు, క్యాంటీన్‌లో టీ టైముకు ఇవ్వు. గ్లాస్‌వేర్ కడిగే అన్నను, గేటు దగ్గర సెక్యూరిటీ బాబాయిని మర్చిపోకు. గ్రూపులో రెండు వాక్యాలు చాలు. మేడమ్‌కు మాత్రం ఎదురుగా థాంక్స్ చెప్పు, అదీ ఫలానా పని నేర్పినందుకని. ‘బ్యూరెట్ రీడింగ్ కంటికి సమంగా పెట్టి చూడాలని మీరు పదిసార్లు తిట్టి నేర్పారు మేడమ్’ అంటే ఆమెకు గుర్తుండిపోతుంది.

ఉద్యోగం గురించి అడుగు, అందులో నామోషీ ఏముంది? ‘ఫ్రెషర్లను తీసుకునేటప్పుడు నా రెజ్యూమె ఎవరికి పంపాలి మేడమ్?’ అని ఇన్‌ఛార్జిని ఒక్కసారి అడిగి ఊరుకో. ఆ రెజ్యూమెలో చూసినవి వేరు, చేతులారా చేసినవి వేరు రాయి. కార్ల్ ఫిషర్ చేశానని రాస్తే, ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నాయన ‘ఫ్యాక్టర్ ఎలా తీశావమ్మా?’ అంటాడు.