మగ్గం వర్క్ చేసే మేనకోడలికి

అమ్మాయ్,

మెడ పట్టేసిందని, ఎక్స్‌రేలో ‘ఎముక అరిగింది’ అన్నారని మీ అమ్మ ఫోన్‌లో ఏడ్చినంత పని చేసింది. కోవూరులో ఇన్నేళ్లు కుట్టు మిషన్ మీద బతికినదాన్ని, ఈ నొప్పులు నాకు కొత్త కాదు. ఆ ఫిల్ము చూసి బెంబేలెత్తకు. వయసుతోపాటు మెడ ఎముకల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు ఎండుతాయి, ఎముకల అంచులు పెరుగుతాయి. అరవై దాటినవాళ్లలో ఎక్కువమందికి ఆ అరుగుదల కనిపిస్తుంది, కానీ చాలామందికి నొప్పే ఉండదు.

ముందు నువ్వు కూర్చునే తీరు చూసుకో. మన తల బరువు సుమారు 5 కిలోలు. నిటారుగా ఉంటే 7 మెడ ఎముకల మీదుగా నేరుగా కిందికి దిగుతుంది. ముందుకు వంగితే ఆ తలను పడిపోకుండా వెనక కండరాలే లాగిపట్టాలి. 60 డిగ్రీలు వంగితే మెడ మీద భారం 27 కిలోల దాకా పోతుందని లెక్కగట్టారు. ఇంట్లో దించుకునే బియ్యం బస్తా కంటే ఎక్కువే! పొద్దంతా ఫ్రేమ్ మీద పూసలు, రాత్రి ఫోను. పెళ్లిళ్ల సీజన్‌లో అయితే జాకెట్లు అందించాలన్న టెన్షన్‌తో భుజాలు బిగబట్టి కూర్చుంటావు. కండరం పట్టేయక ఏం చేస్తుంది?

మీ నాయనమ్మ చెప్పినట్టు దిండు ఎండలో పెట్టుకో, నష్టం లేదు. పట్టేసిన మెడ చాలాసార్లు కొన్ని రోజుల్లో తనంతట తనే సర్దుకుంటుంది, పేరు మాత్రం దిండుకు పోతుంది. వేడి కాపడం పెట్టి, మెడను మెల్లగా కదిలిస్తూ ఉండు. మెడకు కాలర్ పట్టీ కట్టుకుని వారాల తరబడి కూర్చుంటే కండరాలు ఇంకా నీరసిస్తాయి. మీ నాన్న సెలూన్‌లో మెడ విరిపించుకోవడం మానమని చెప్పు. అరుదే అయినా, మెదడుకు పోయే రక్తనాళం చీలి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

నొప్పి భుజం దాటి చేతిలోకి దిగినా, వేళ్లు తిమ్మిరెక్కినా నరం నలుగుతోందేమో డాక్టరుకు చూపించు. సూది పట్టు తప్పినా, నడక తూలినా, ఒంటేలు ఆపుకోలేకపోయినా, జ్వరంతో మెడ వంగకపోయినా, కిందపడ్డాక నొప్పి మొదలైనా ఆ రోజే నెల్లూరు పెద్దాసుపత్రికి వెళ్లు. ఛాతీ బిగుసుకుని నొప్పి మెడకో దవడకో ఎక్కితే అది మెడ జబ్బు కాకపోవచ్చు, గుండెది కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చెయ్యి.

నీ ఫ్రేమ్ నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి చెప్పు. వడ్రంగి చేత కాళ్లు పెంచిస్తాను, కుర్చీలో కూర్చుని కుట్టుకోవచ్చు. అరగంటకోసారి లేవడం మాత్రం నీ పని.

మీ అత్త