బెజవాడ ఉక్కలో ఏసీ కారుతోంది, ఫ్రిజ్‌కి చెమట పడుతోంది: గ్యాస్ నింపించాలా?

బెజవాడలో కింది అంతస్తు ఇంటి నుంచి మీరు రాసి చెప్పినవి నాలుగు బాధలు. ఏసీ ఇండోర్ నుంచి గోడ మీదికి నీళ్ళు కారడం, ఫ్రిజ్ తలుపు అంచుల వెంట చెమట, వాషింగ్ మెషీన్ కంపు, వాన పడ్డ ప్రతి రాత్రీ ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే లైను కోసేసే బ్రేకరు) పడిపోవడం. మొదటి రెండింటికీ గ్యాస్ అయిపోయిందని మెకానిక్ చెప్పాడన్నారు. నింపించకండి, కనీసం ఇవాళ నింపించకండి.

అయిపోవడానికి ఏసీలో ఉన్నది వంటగ్యాస్ బండ కాదు. మూసేసిన రాగి పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది, ఏళ్ళు గడిచినా తరగదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు మూయకుండా నింపితే మళ్ళీ అక్కడినుంచే పోతుంది, వచ్చే ఏడు మళ్ళీ అదే బిల్లు.

అసలు సంగతి గాలిలోని నీరు. ఒక పక్క కృష్ణ, ఊరి మధ్య నుంచి కాలవలు. వానాకాలంలో 32 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున 28 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ప్రతి వస్తువు మీదా ఆవిరి నీరై దిగుతుంది. ఏసీ కాయిల్ (ఇండోర్‌లో చల్లబడే పైపుల చుట్ట) అయినా, ఫ్రిజ్ అంచు అయినా, మజ్జిగ గ్లాసు అయినా అదే లెక్క. కాబట్టి నీళ్ళు ఎందుకు వచ్చాయని కాదు, పోవాల్సిన దారిన ఎందుకు పోలేదని చూడాలి.

ఏసీతో మొదలుపెడదాం. ఒకటిన్నర టన్ను ఏసీ ఈ ఉక్కలో గంటకు లీటరు పైనే నీళ్ళు దింపగలదు. రోహిణి కార్తె వడగాడ్పుల్లో నాలుగు చుక్కలు రాల్చిన పైపు జూలైలో బకెట్ నింపడం మామూలే. వేసవిలో పట్టిన దుమ్ము ఈ నీళ్ళతో కలిసి కాయిల్ కింది ట్రేలో జిగట పాచి కడుతుంది. అది జారి డ్రెయిన్ పైపు మూతిలో ఇరుక్కుంటే నీళ్ళు ట్రే అంచు దాటి గోడ పట్టుకుంటాయి.

ఏసీకి వెళ్ళే ఎంసీబీ (మీటరు బోర్డులో ఒక్కో లైనుకూ ఉండే స్విచ్చు లాంటి బ్రేకరు) దించండి. ముందు మూత ఎత్తి ఫిల్టర్లు తీసి కుళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టండి. వాడకం ఉన్నన్నాళ్ళూ ఇది పదిహేను రోజులకోసారి చేయాల్సిందే. తర్వాత అర లీటరు నీళ్ళు సన్న ధారగా కాయిల్ రెక్కల మీదుగా ట్రేలోకి పోయండి, కరెంటు బోర్డు ఉన్న వైపు మాత్రం పోయకండి (ఎక్కువ మోడళ్ళలో అది కుడి చివర). బయట పైపు చివర ఒకరిని నిలబెట్టండి. వెంటనే ధార వస్తే దారి బాగానే ఉంది. చుక్కలుగా వస్తే బయటి చివర నుంచి, తడి పీల్చే వాక్యూమ్ క్లీనర్‌తో ఒక నిమిషం లాగితే పాచి ముద్దగా బయటపడుతుంది. ఆ తర్వాత ఒక గ్లాసు వెనిగర్‌కి ఒక గ్లాసు నీళ్ళు కలిపి పోసి వదిలేయండి. బాత్రూమ్ యాసిడ్ పోసేవాళ్ళున్నారు. అది అల్యూమినియం రెక్కల్ని, రాగిని తినేస్తుంది. అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది.

పైపు వాలు కూడా చూడండి. మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు పల్లం ఉండాలి, మధ్యలో ఉయ్యాలలా వేలాడకూడదు. పైపు చివర బకెట్ నీళ్ళలో మునిగి ఉంటే గాలి ఇరుక్కుని నీళ్ళు వెనక్కి తంతాయి.

దారి బాగుండీ కారుతుంటే కాయిల్ మంచు కట్టి కరుగుతోందేమో చూడాలి. గాలి ఆడకపోయినా, గ్యాస్ తక్కువైనా మంచు కడుతుంది. ఏది కారణమో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఫిల్టర్ కడిగాక ఫ్యాన్ మోడ్‌లో రెండు గంటలు నడిపి మంచంతా కరగనివ్వండి. మళ్ళీ కూలింగ్ పెట్టి ఇరవై నిమిషాల తర్వాత, బాల్కనీలోంచి అందేటట్టుంటేనే, ఔట్‌డోర్ దగ్గర పైపులు చూడండి. రెండు పైపులకూ చెమట పట్టడం మంచిదే. సన్న పైపు మీద తెల్లగా మంచు పేరుకుంటే అప్పుడు గ్యాస్ మాట నమ్మొచ్చు. నట్లు బిగించిన చోట నూనె మరక ఉంటే లీకు బహుశా అక్కడే. మెకానిక్ ముందు నైట్రోజన్ ఎక్కించి లీకు పట్టాలి, మూయాలి, వాక్యూమ్ పంపు పెట్టి పైపుల్లోని గాలి, తేమ లాగేయాలి, ఆ తర్వాత తూకం వేసి గ్యాస్ ఎక్కించాలి. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములన్నది ఔట్‌డోర్ పక్కనున్న స్టిక్కరు మీదే రాసి ఉంటుంది. తూకం లేకుండా గేజి ముల్లు చూసి నింపేవాడికి మాత్రం ఇవ్వకండి.

ఉప్పుగాలికి కాయిల్ పాడవడం బందరు, సూర్యలంక వైపు ఎక్కువ, మనకు అంత లేదు. మనకు శత్రువు మురుగుకాలవ. దాని గాలి తగిలేచోట రాగి నల్లబడి సన్న చిల్లులు పడతాయి. ఇంకొకటి బల్లి. ఔట్‌డోర్ బోర్డు మీదికి ఎక్కి తాను చస్తుంది, బోర్డునూ చంపుతుంది. గోడలో పైపులు దూరే కంతను పుట్టీతో మూసేస్తే బల్లులు, చీమలు ఆ దారిన రావు.

మరో మాట. వానపడి 28 డిగ్రీలున్నా ఒళ్ళు జిగటగా ఉన్న రోజున 18కి దించకండి, డ్రై మోడ్ పెట్టండి. బాధ వేడిది కాదు, తేమది. కూలర్ ఉంటే ఈ నెలల్లో దాని పంపు ఆపి ఉత్త ఫ్యానుగా వాడండి. తడి గాలికి ఇంకా తడి కలపడం దేనికి!

ఇక ఫ్రిజ్. తలుపు బయట సన్నగా చెమట పట్టడం ఈ కాలంలో రోగం కాదు. తలుపు చుట్టూ ఫ్రేమ్ వెచ్చగా తగలడమూ రోగం కాదు, చెమట పట్టకుండా చాలా మోడళ్ళలో వేడి పైపును ఆ అంచు వెంటే తిప్పుతారు. చూడాల్సింది తలుపు రబ్బరు. పది రూపాయల నోటు సగం లోపల, సగం బయట పెట్టి తలుపు మూసి లాగండి. బిగువుగా రావాలి. నాలుగు వైపులా ఇలాగే చూడండి. జారిపోయిన చోట గోరువెచ్చటి సబ్బు నీళ్ళు, పాత టూత్‌బ్రష్‌తో మడతల్లో జిడ్డు తీయండి. రబ్బరు వంకర పోయి ఉంటే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడిచేసి, తలుపు మూసి గంట ఉంచితే సర్దుకుంటుంది. చిరిగితే మార్చడమే, మోడల్ నంబరు చెప్పి కొనండి.

కూరగాయల డబ్బా కింద నీళ్ళు చేరితే లోపల వెనక గోడకు అడుగున ఉన్న చిన్న రంధ్రం పూడుకుందన్న మాట. సిరంజితో 20 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్ళు రెండు మూడు సార్లు కొట్టండి. సింగిల్ డోర్ అయితే మంచు అర సెంటీమీటరు దాటకుండా కరిగించండి. కత్తితో మాత్రం గీకొద్దు, ఒక్క పోటుకి ఫ్రీజర్ చిల్లుపడుతుంది.

వాషింగ్ మెషీన్ కంపుకి మందు తేలిక. ఉతికాక తలుపు తెరిచి ఉంచండి, మూతి రబ్బరు మడతలు పొడిగుడ్డతో తుడవండి, సర్ఫ్ సగానికి తగ్గించండి. బోరు నీళ్ళయితే సున్నం పడుతుంది కాబట్టి నెలకోసారి 100 గ్రాముల నిమ్మ ఉప్పు ఖాళీ డ్రమ్ములో వేసి 60 డిగ్రీల మీద తిప్పండి. దాంతోపాటు బ్లీచింగ్ వేయకండి, విషవాయువు వస్తుంది.

అన్నిటికన్నా తొందరపడాల్సింది ఆర్‌సీసీబీ గురించి. ఊరికే పడుతోందని దాన్ని తప్పించి డైరెక్టు కలపమంటారు కొందరు. ప్రాణాలు కాపాడేది అదే. భూమిలోకి పోయే కరెంటు 30 మిల్లీఆంపులు దాటకముందే కోసేయాలని దాని లెక్క, సగం దాటినప్పటి నుంచీ పడిపోవచ్చు. ఫ్రిజ్ నుంచి కొంచెం, మెషీన్ నుంచి కొంచెం, తడిసిన గేటు లైటు నుంచి కొంచెం కలిసినా చాలు.

పట్టుకోవడానికి ఎంసీబీలన్నీ దించి ఆర్‌సీసీబీ ఎత్తండి, తర్వాత ఒక్కొక్కటే ఎత్తుతూ రండి. దేనికి పడితే దోషం ఆ లైనులో ఉంది. ఇక్కడే చాలామంది మోసపోతారు. మామూలు ఎంసీబీ ఫేజును మాత్రమే కోస్తుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది. న్యూట్రల్ ఎక్కడైనా ఎర్తుకి తగిలితే, ఆ లైను దించి ఉన్నా వేరే గదిలో ఫ్యాను వేయగానే పడుతుంది. అందుకే స్విచ్చులు ఆపితే చాలదు, ప్లగ్గులన్నీ పీకి ఒక్కొక్కటే పెట్టి చూడాలి. వాన రాత్రుల్లోనే పడుతోందంటే ముందు ప్రహరీ లైటు, కాలింగ్ బెల్, మేడ మీది మోటారు బోర్డు, తర్వాత గీజరు. టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. నొక్కినా పడకపోతే మార్చేయండి.

కింది అంతస్తు అన్నారు కాబట్టి ఇదీ చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినట్టు ఇంట్లోకి నీళ్ళొస్తే, బోర్డు దాకా నీరు చేరకముందే, మీరు తడిలో నిలబడి లేనప్పుడే మెయిన్ దించండి. మునిగిన దేన్నీ "ఆరింది కదా" అని ఆన్ చేయకండి. మంచి నీళ్ళతో ఒండ్రు కడిగించి, మూడు నాలుగు రోజులు ఆరబెట్టి, మెగ్గర్‌తో (వైర్ల నుంచి కరెంటు లీకవుతుందేమో కొలిచే మీటరు) చూపించాకే ప్లగ్ పెట్టాలి. ఫ్రిజ్ గోడల్లో చల్లదనం నిలపడానికి నింపే పఫ్‌ (నురుగు)లోకి నీరు దిగితే మాత్రం సాధారణంగా అది ఆరదు, దాని మీద డబ్బు పెట్టకండి.