అడవి చదువులు: పీజీ ఎవరికి, ఎందుకు?

ప్రశ్న: బీఎస్సీ బీజడ్‌సీ ఫైనలియర్‌లో ఉన్నాను. ఎమ్మెస్సీ ఫారెస్ట్రీ చేయాలని చాలా కోరిక. మా సీనియర్ ఒకాయన "అది అగ్రికల్చర్ వాళ్లకే, మనకు సీటివ్వరు" అన్నారు. ఇంట్లో బీఈడీ చేయమంటున్నారు. – ఒక పాఠకురాలు, నర్సీపట్నం

జవాబు: మీ సీనియర్ చెప్పింది సగం నిజమమ్మా. తమిళనాడులో మేట్టుపాళయం, కర్ణాటకలో శిర్సి, కేరళలో వెల్లనిక్కర, హిమాచల్‌లో నౌనీ, ఇలా వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల కింద నడిచే ఫారెస్ట్రీ కాలేజీలు సాధారణంగా నాలుగేళ్ల ఫారెస్ట్రీ, అగ్రికల్చర్ లాంటి డిగ్రీలే అడుగుతాయి కాబట్టి మూడేళ్ల బీజడ్‌సీతో అక్కడ కుదరడం కష్టం. కానీ దారి అక్కడితో మూసుకుపోలేదు. డెహ్రాడూన్‌లో ఎఫ్‌ఆర్‌ఐ ఉంది కదా, 1906లో బ్రిటిష్ వాళ్లు పెట్టిన అటవీ పరిశోధన సంస్థ, 1991లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది, వాళ్ల ఎమ్మెస్సీ ఫారెస్ట్రీకి బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ లాంటి సబ్జెక్టుతో చదివిన బీఎస్సీ వాళ్లు కూడా అర్హులే. మీలాంటి వాళ్లు ముందుగా చూడాల్సింది అదే.

మీకు చెట్ల కంటే జంతువుల మీద మనసుంటే అదే ఊళ్లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులో జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ ఎమ్మెస్సీలు నడుపుతున్నాయి. సీట్లు చాలా తక్కువ. ఎంపికలో మార్కులతో పాటు మీకు ఫీల్డ్ మీద నిజంగా ఎంత ఆసక్తి ఉందో తవ్వి తవ్వి అడుగుతారు. చింతపల్లి, లంబసింగి మీకు దగ్గర్లోనే ఉన్నాయి, ఈ సెలవుల్లో ఒక నోట్‌బుక్ పట్టుకెళ్లి ఏ పిట్ట ఎక్కడ కనిపించిందో రాయడం మొదలుపెట్టండి, ఇంటర్వ్యూలో చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది.

బీఈడీ సంగతంటారా, ఇంట్లో వాళ్ల భయం నాకర్థమవుతుంది. ఒక ఏడాది ఎంట్రన్సులు రాస్తానని గడువు పెట్టి అడగండి, అమ్మానాన్నలు గడువుంటే ఒప్పుకుంటారు.

ప్రశ్న: సార్, బీఎస్సీ ఫారెస్ట్రీ అయిపోవస్తోంది. ఎఫ్‌ఆర్‌ఓ (ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్) అవ్వాలన్నది నా గోల్. ఎమ్మెస్సీ చేస్తే ప్లస్ అవుతుందా? – సిద్దిపేట జిల్లా నుంచి

జవాబు: యూనిఫాం కోసమైతే పీజీ అక్కర్లేదు, ఇది సూటిగా చెప్పేస్తున్నాను. రేంజ్ ఆఫీసర్‌కి డిగ్రీ చాలు, యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కి కూడా డిగ్రీయే. హాస్టల్, స్టైపెండ్ ఉంటాయి, చదువుకుంటూ ప్రిపేరవ్వచ్చు అనుకుని ఎమ్మెస్సీలో చేరేవాళ్లు బోలెడుమంది. తీరా థీసిస్ పని మీద పడ్డాక అటు పరీక్షా లేదు, ఇటు థీసిసూ లేదు అన్నట్టవుతుంది. రెండూ లాగగలిగేవాళ్లు లేరని కాదు, మీరు అలాంటి వాళ్లలో ఒకరో కాదో మీకే తెలియాలి.

ఫారెస్ట్ సర్వీస్‌కి ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే ఉంటుంది, కటాఫ్ మాత్రం సివిల్స్ కంటే ఎక్కువగానే పోతోంది, ఎందుకంటే పోస్టులు తక్కువ, 2022 నుంచి 2025 వరకు ఏటా 150 దగ్గరే ఉన్నాయి. మెయిన్స్‌లో రెండు ఆప్షనల్స్‌కే నాలుగు పేపర్లు, 800 మార్కులు. ఫారెస్ట్రీ ఒకటి మీ చేతిలో ఉన్నట్టే. రెండోది చాలామంది జియాలజీ తీసుకుంటారు. తెలంగాణలో ఎఫ్‌ఆర్‌ఓ లాంటి పోస్టుల్లో ఫారెస్ట్రీ డిగ్రీ వాళ్లకు కోటా ఇవ్వాలని 2021లో నిర్ణయించారు, అయితే కోచింగ్ సెంటర్ చెప్పిందని నమ్మకుండా నోటిఫికేషన్ వచ్చాక ఆ పేరా మీరే చదువుకోండి.

ఇంకోటి, నడక పరీక్ష. మగవాళ్లు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు నడవాలి. లెక్కేస్తే గంటకి ఆరుంపావు, "ఓస్ ఇంతేనా" అనిపిస్తుంది, పదిహేను దాటాక అరికాళ్లు బొబ్బలెక్కి అప్పుడు తెలుస్తుంది. కొత్త బూట్లు వేసుకుని మాత్రం వెళ్లొద్దు.

ప్రశ్న: మావాడు సివిల్ ఇంజనీరింగ్ చేశాడు. ఇప్పుడు అడవులంటూ తిరుగుతున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: టెన్షన్ పడకండి, మీవాడి డిగ్రీ వృథా కాదు. ఇంజనీరింగ్ వాళ్లు ఫారెస్ట్ సర్వీస్‌కి అర్హులు, సివిల్ ఇంజనీరింగ్ ఆప్షనల్ కూడా ఉంది. ఉద్యోగం వద్దు, అడవి కావాలంటే డెహ్రాడూన్‌లో ఇస్రో వాళ్ల ఐఐఆర్‌ఎస్ అనే సంస్థలో రిమోట్ సెన్సింగ్ (శాటిలైట్ చిత్రాలతో నేలను చదివే విద్య) ఎంటెక్ ఉంది, డిగ్రీ ఇచ్చేది మన ఆంధ్రా యూనివర్సిటీ. దేశంలో అడవి ఎంతుందో ఫారెస్ట్ సర్వే వాళ్లు 1987 నుంచి శాటిలైట్ చిత్రాలతోనే లెక్కలు తీసి రిపోర్టులిస్తున్నారు. ఆ పనికి బొటానిస్టు ఎంత అవసరమో మ్యాప్ చదవగలిగినవాడూ అంతే.

ప్రశ్న: ప్రైవేటులో ఉద్యోగాలున్నాయా అసలు? – ఎమ్మెస్సీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: మీ జిల్లా పక్కనే భద్రాచలం దగ్గర సారపాకలో పేపర్ మిల్లు పెట్టుకుని అడుగుతున్నారే! అక్కడా, రాజమండ్రిలోనూ మిల్లులకి కలప కావాలి. అందుకే రైతుల చేత జామాయిల్, సుబాబుల్, సరుగుడు వేయిస్తారు. అందులో మీకు రెండు రకాల పనులుంటాయి. ఒకటి నర్సరీ: మంచి తల్లి మొక్క నుంచి లేత కొమ్మ కత్తిరించి, ఆకుని సగానికి తుంచి, వేర్లు రావడానికి మందులో ముంచి, ట్రేలో గుచ్చి, పొగమంచులా నీళ్లు చిమ్మే గదిలో పెట్టి, వేర్లొచ్చాక నీడకి, తర్వాత ఎండకి అలవాటు చేయాలి. పుస్తకంలో పేరాలో అయిపోయే ఈ పని చేతుల్లోకి రావాలంటే ఒక సీజన్ పడుతుంది. రెండోది రైతుల దగ్గర తిరిగే పని, ఇది చాలామందికి కష్టం. సుబాబుల్ రేటు పడిపోయిన ఏడాది కంపెనీ తరఫున ఊళ్లోకి వెళ్లింది మీరే కాబట్టి తిట్లూ మీకే. మాట తీరు బాగుండి, మోటార్ సైకిల్ మీద రోజంతా తిరగగలిగితే నిలబడతారు.

మేనేజ్‌మెంట్ వైపు మనసుంటే భోపాల్‌లో అటవీ మేనేజ్‌మెంట్ సంస్థ ఐఐఎఫ్‌ఎం చూడండి, క్యాట్ స్కోరుతో తీసుకుంటారు. విదేశాలంటే జర్మనీలో ఫ్రైబర్గ్‌కి ఫారెస్ట్రీలో మంచి పేరుంది, అక్కడ మనలాంటి బయటి దేశాలవాళ్లకి సెమిస్టర్‌కి 1500 యూరోలు ఫీజు, జర్మనీ అంతా ఫ్రీ అని ఎవరైనా చెబితే ఈ సంగతి గుర్తుంచుకోండి. అప్పు చేసి వెళ్లేముందు తిరిగొచ్చాక ఇక్కడ ఏ పోస్టుకి దరఖాస్తు పెడతారో రాసి చూసుకోండి. పరిశోధన, పాఠం చెప్పడం అనుకుంటే పీహెచ్‌డీ తప్పదు, ఇక్కడైనా అక్కడైనా.