పిల్లికూన ఇంటికొచ్చింది: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా చిన్నోడు బండి కింద దొరికిన పిల్లికూనను నాలుగు రోజుల కింద ఇంటికి తెచ్చిండు. నెలన్నర వయసుంటుందేమో. ప్యాకెట్ పాలల్లో అన్నం పిసికి పెడుతున్నం. రెండో రోజు నుంచి విరేచనాలు. నిన్న అందులో సేమ్యా పోగుల్లాంటి తెల్లటి పురుగులు కనిపించినయి. బడిలో పిల్లలకిచ్చే నులిపురుగుల గోళీ ఉంది, వేయొచ్చా?
– ఓ పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ఆ గోళీ వేయకండి. అందులో ఉండేది ఆల్బెండజోల్. పిల్లుల్లో అది ఎముక మూలుగను దెబ్బతీసి రక్తకణాలను తగ్గించేయగలదు. పిల్లికూనల్లో ఈ పురుగులకు మామూలుగా వాడేది పైరాంటెల్ సిరప్. అది కూడా తూకం చూడకుండా పోసేది కాదు. కిలో బరువుకు 5 నుంచి 10 మిల్లీగ్రాములు ఇస్తారు. మి.లీ.కి 50 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే 600 గ్రాముల కూనకు వచ్చేది దాదాపు 0.1 మి.లీ. మాత్రమే, అంటే రెండు మూడు చుక్కలు. చెంచాతో కొలిచే మందు కాదిది. డాక్టర్ చెప్పిన మోతాదును సూది తీసేసిన 1 మి.లీ. సిరంజితో, చెంప పక్క నుంచి మెల్లగా ఇవ్వాలి. మందు పేగుల్లో ఉన్న పెద్ద పురుగులనే పడగొడుతుంది. ఒంట్లో తిరుగుతున్న పిల్ల పురుగులు తర్వాత పేగుల్లోకి దిగుతాయి కాబట్టి రెండు వారాలకు మళ్లీ వేయాలి. ఒక్కసారి వేసి ఊరుకుంటే నెలకు మళ్లీ అదే సేమ్యా కనిపిస్తుంది.

పాలు ఈ రోజే ఆపండి. ఆవు పాలు, గేదె పాలలోని చక్కెర చాలా కూనలకు అరగదు, విరేచనాలు పెరుగుతాయి. వెనక పళ్లు వచ్చి ఉంటే కూన గట్టి తిండికి సిద్ధమైనట్టే. పిల్లికూనల కోసం చేసిన గుళికల తిండిని గోరువెచ్చటి నీళ్లలో పావుగంట నానబెట్టి, మెదిపి, రోజుకు నాలుగు పూటలు పెట్టండి. దొరికేదాకా ఉడికించిన ఎముకల్లేని చికెన్ మెత్తగా చేసి పెట్టొచ్చు. ఉప్పు, కారం వద్దు. ఉల్లిగడ్డ, ఎల్లిపాయ తగలనే కూడదు, అవి పిల్లుల ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. ఉత్త చికెన్‌తో నెలల తరబడి పెంచితే కాల్షియం అందక ఎముకలు పలచబడతాయి. ఉత్త పాలన్నంతో పెంచితే మాంసంలో ఉండే టారిన్ అనే పోషకం అందక కాలక్రమంలో చూపు, గుండె దెబ్బతింటాయి.

ఇక రోజూ చేయాల్సిన పని ఒకటుంది, తూకం. గ్రాములు చూపే వంటింటి తూకం మిషన్ మీద డబ్బా పెట్టి, సున్నా చేసి, కూనను అందులో కూర్చోబెట్టండి. ప్రతి ఉదయం తిండికి ముందే చూసి క్యాలెండర్‌లో తారీఖు పక్కన రాయండి. ఈ వయసులో రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. ఆడుతున్నా, అరుస్తున్నా, రెండు రోజులు బరువు పెరగలేదంటే ఏదో తేడా ఉన్నట్టే. విరేచనాలతో పాటు ఒక్క రోజు తగ్గినా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. కంటికి చిక్కినట్టు కనిపించేసరికి ఆలస్యమైపోతుంది.

వెళ్లేటప్పుడు ఆ రోజు మలం చిక్కుడుగింజంత తీసి, చిన్న డబ్బాలో పట్టుకెళ్లండి. ఎండిపోయింది పనికిరాదు. విరేచనాలకు కాక్సిడియా, జియార్డియా అనే కంటికి కనిపించని పరాన్నజీవులు కూడా కారణం కావచ్చు. వాటికి పైరాంటెల్ పని చేయదు, మైక్రోస్కోప్ కింద చూస్తేనే తెలుస్తుంది. వరంగల్ వాళ్లకు మామునూరు వెటర్నరీ కాలేజీ ఉంది, ఓపీ వేళలు ముందే ఫోన్‌లో కనుక్కుని బయల్దేరండి. వాంతులు, విరేచనాలు కలిసి వచ్చి కూన తిండి మానేసి ముడుచుకుని పడుకుంటే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. అది పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు కావచ్చు, టీకా పడని కూనలు ఒకట్రెండు రోజుల్లోనే చనిపోవచ్చు. ఇల్లు తుడవడానికి ఫినాయిల్ వాడకండి. అందులోని ఫినాల్ రకం రసాయనాలు పిల్లులకు విషం. ఆ వైరస్‌ను చంపడానికి ఒక వంతు బ్లీచ్ ద్రావణం 32 వంతుల నీళ్లలో కలిపి, నేల మీద 10 నిమిషాలు ఉంచి, తర్వాత మంచి నీళ్లతో కడగాలి. నేల ఆరేదాకా కూన వేరే గదిలో ఉండాలి.

ప్రశ్న: తెచ్చిన వారానికే తుమ్ములు, కళ్లకు పుసులు. పొద్దున రెప్పలు అంటుకుపోయి ఉంటున్నాయి. ఇంట్లో మిగిలిన కంటి చుక్కలు వేయొచ్చా?
– ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందు సీసా మీద డెక్సామెథాసోన్ అనో, ప్రెడ్నిసోలోన్ అనో ఉందేమో చూడండి. మిగిలిపోయిన చుక్కల్లో తరచూ ఉండేవి ఇవే. పిల్లికూనల జలుబుకు ఎక్కువసార్లు కారణం హెర్పిస్ వైరస్. అది నల్లగుడ్డు మీద పుండు చేసి ఉంటే ఈ స్టెరాయిడ్ ఆ పుండును లోతు చేస్తుంది, కన్నే పోవచ్చు. కాచి చల్లార్చిన గోరువెచ్చటి నీళ్లలో దూది ముంచి, రెప్ప మీద అర నిమిషం ఆనించండి. పుసి మెత్తబడ్డాక ముక్కు వైపు నుంచి బయటికి ఒక్క తుడుపు తుడవండి. రెండో కంటికి కొత్త దూది. పట్టి లాగితే రెప్ప చర్మం ఊడి వస్తుంది.

ముక్కు మూసుకుపోతే పిల్లికి వాసన తెలియదు, వాసన తెలియకపోతే తినదు. తిండిని కొద్దిగా వేడి చేసి పెట్టండి. బాత్‌రూమ్‌లో బకెట్ నిండా వేడినీళ్లు పెట్టి తలుపు మూసి, కూనను ఒళ్లో పట్టుకుని పది నిమిషాలు కూర్చోండి. ఆ నీళ్లలో కర్పూరం, జండూ బామ్ వంటివి వేయకూడదు. జ్వరమని పారాసిటమాల్ ఎప్పుడూ ఇవ్వకండి, ఒక్క గోళీ పిల్లి ప్రాణం తీస్తుంది. డాక్టర్ డాక్సీసైక్లిన్ గోళీ రాస్తే వేసిన వెంటనే 5 మి.లీ. నీళ్లు సిరంజితో కొంచెం కొంచెంగా తాగించండి. గోళీ గొంతు గొట్టంలో ఆగితే అక్కడ పుండు పడి దారి కుంచించుకుపోతుంది, తర్వాత తిన్నదంతా కక్కుతుంది. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా అప్పటికప్పుడు తీసుకెళ్లండి.

ప్రశ్న: ఒంటి నిండా దుంకే పురుగులు. కుక్కకు వాడే పౌడర్ ఉంది, కొంచెం చల్లితే ఏమైనా అవుతుందా?
– ఓ పాఠకురాలు, జగిత్యాల

జవాబు: అవుతుంది. కుక్కల మందుల్లో ఉండే పర్మెత్రిన్‌ను పిల్లి కాలేయం విరచలేదు. వణుకుతుంది, ఫిట్స్ వస్తాయి. ఇప్పటికే చల్లి ఉంటే గోరువెచ్చటి నీళ్లు, గిన్నెల సబ్బుతో వెంటనే కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కిరోసిన్ ఆలోచన కూడా వద్దు.

అవి ఫ్లీస్ అవునో కాదో తేల్చుకోవడానికి సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి పొడిని తడి టిష్యూ మీద వేయండి. ఎర్రగా మరకలు పరుచుకుంటే అది కూన రక్తమే, పురుగుల మలం రూపంలో. చిగుళ్లు గులాబీ రంగులో కాక సున్నం పూసినట్టు తెల్లగా ఉంటే రక్తం బాగా పోయిందని అర్థం, ఆ రోజే చూపించాలి. బాగున్న కూనకు ముందు మెడ చుట్టూ సబ్బు నురగ వలయంలా పెట్టండి, లేకపోతే పురుగులన్నీ ముఖం మీదికి పరుగెడతాయి. ఐదు నిమిషాల్లో కడిగి, తుడిచి, పూర్తిగా ఆరబెట్టండి. పిల్లుల కోసమే ఉన్న చుక్కల మందో స్ప్రేనో వయసు, తూకం చూసి డాక్టర్ ఇస్తారు. పరుపు గుడ్డలు వారానికోసారి వేడినీళ్లలో ఉతకండి. గూళ్లలో దాగిన పురుగులు వారాల తర్వాత కూడా బయటికొస్తాయి. మందు పని చేయలేదనుకుని మోతాదు పెంచకండి. ఒకటి రెండు నెలలు పట్టించుకుంటే తగ్గుతాయి. వీటిని మింగితే బద్దెపురుగులు వస్తాయి. తోక కింద నువ్వుగింజల్లా కనిపించేవి అవే. వాటికి పైరాంటెల్ కాదు, ప్రాజిక్వాంటెల్ కావాలి.

ప్రశ్న: కోడలికి మూడో నెల. పిల్లి వెంట్రుకలతో కడుపు పోతుందని మా అత్తమ్మ కూనను వదిలేయమంటుంది.
– ఓ పాఠకురాలు, ములుగు

జవాబు: వెంట్రుకలతో పోదు. భయపడాల్సింది టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవికి, అది పిల్లి మలంలో వస్తుంది. మలంలో పడ్డ గుడ్లు అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. కాబట్టి ఇసుక డబ్బాను ప్రతిరోజూ కోడలు కాకుండా ఇంకొకరు శుభ్రం చేస్తే ముప్పు చాలా తగ్గుతుంది. కూనకు పచ్చి మాంసం పెట్టకండి. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయల నుంచి కూడా ఇది వస్తుంది, ఆ జాగ్రత్త పిల్లి లేని ఇళ్లలోనూ కావాలి.

ప్రశ్న: రెండు నెలల కూన మా పాపను గీరింది, రక్తం వచ్చింది. అంత చిన్నదానికి రేబిస్ ఉంటుందా?
– ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: వీధిలో పుట్టిన కూనకు ఉండదని అనుకోవద్దు. ధార కింద సబ్బుతో పూర్తిగా 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టకండి. ఈ రోజే ఎంజీఎం దవాఖానకు తీసుకెళ్లండి. రక్తం వచ్చింది కాబట్టి టీకాతో పాటు గాయం దగ్గర వేసే రేబిస్ సీరం కూడా అవసరమవుతుంది, మీరే అడగండి. చర్మంలోకి వేసే పద్ధతిలో టీకా రోజులు 0, 3, 7, 28. కూనను పది రోజులు కళ్లెదుట ఉంచి గమనించాలి, కానీ ఆ పది రోజులు చూసి టీకా మొదలుపెడదామని ఆగకూడదు. కూనకు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ట్రైక్యాట్ (పిల్లుల మూడు వైరస్ జబ్బులకు కలిపి ఇచ్చే) టీకా మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున 16 వారాలు నిండేదాకా వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలలు నిండగానే. పది రోజుల్లో కూన ప్రవర్తన మారినా, చొంగ కార్చినా, చనిపోయినా దవాఖానలో వెంటనే చెప్పండి.