ఫెర్మీ నోటీసుల్లో మూడు స్థానాలు: టెలిస్కోప్ ఎటు తిప్పాలి?

ఫెర్మీ ఉపగ్రహం నుంచి ఒకే గామా పేలుడుకి (దూర అంతరిక్షంలో కాసేపు మెరిసే గామా కిరణాల మెరుపుకి) మూడు నోటీసులొచ్చాయి, మూడింటిలో స్థానం వేరుగా ఉంది, మొదటిదానికి టెలిస్కోప్ తిప్పితే ఏమీ దొరకలేదు అన్నారు కదా. తప్పు మీది కాదు. ఫెర్మీలోని జీబీఎం, అంటే ఈ పేలుళ్లను పసిగట్టే పరికరం, దిశను అలాగే అంచనా వేస్తుంది.

అందులో 12 సోడియం అయొడైడ్ డిటెక్టర్లు వేర్వేరు వైపులకి తిరిగి ఉంటాయి. ఎండలో ఏ చెంప ఎక్కువ వేడెక్కిందో చూసి సూర్యుడి దిక్కు చెప్పినట్టు, దేనికి ఎక్కువ ఫోటాన్లు (కాంతి కణాలు) తగిలాయో పోల్చి దిశ లెక్కిస్తారు. మొదటి లెక్క ఉపగ్రహమే హడావిడిగా చేస్తుంది, తర్వాతవి భూమి మీద మెరుగైన డేటాతో చేస్తారు. కాబట్టి చివరిదే తీసుకోండి. అయినా పొరపాటు కొన్ని డిగ్రీలు ఉండొచ్చు. నిండు చంద్రుడి వెడల్పే అర డిగ్రీ! నోటీసులో స్థానం చుట్టూ ఇచ్చే వలయపు వ్యాసార్థం గణాంక దోషం (ఫోటాన్ల లెక్కలోని యాదృచ్ఛిక హెచ్చుతగ్గుల వల్ల వచ్చేది) మాత్రమే, అసలు దోషం ఇంకా ఎక్కువ.

మీ 8 అంగుళాల టెలిస్కోప్‌కి ఫెర్మీ స్థానాలు వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. స్విఫ్ట్ అనే మరో ఉపగ్రహం నోటీసులే వచ్చేలా ఫిల్టర్ పెట్టుకోండి. పేలుళ్లను పసిగట్టే దాని బ్యాట్ పరికరం ముందు సీసపు పలకల మాస్క్ ఉంటుంది. డిటెక్టర్ మీద పడే నీడను బట్టి స్థానం కొన్ని ఆర్క్ నిమిషాల్లోకి (డిగ్రీలో 60వ వంతు ఒక ఆర్క్ నిమిషం) వస్తుంది. తర్వాత ఉపగ్రహం తనే అటు తిరిగి, ఎక్స్-రే టెలిస్కోప్‌తో కొన్ని ఆర్క్ సెకన్లకి (ఆర్క్ నిమిషంలో 60వ వంతు ఒక ఆర్క్ సెకను) తెస్తుంది. 2024లో వెళ్లిన ఎస్‌వీఓఎం ఉపగ్రహంలోనూ ఇలాంటి మాస్కే ఉంది, దాన్నీ చేర్చుకోండి.

ఎక్స్-రే స్థానం రాగానే మొదలుపెట్టండి, పేలుడు తర్వాత మిగిలే వెలుగు త్వరగా తగ్గిపోతుంది.