బరంపురంలో మన వీధి: బండ్ల జోరు, పార్కింగ్ తలనొప్పి

తమ్ముడూ, కుర్రాళ్ళు మీ వీధిని అడ్డదారి చేసుకుని బండ్లు దూకిస్తున్నారని, రెండు వైపులా కార్లుండి పిల్లలు కనబడట్లేదని, చందాలేసుకుని స్పీడ్ బ్రేకర్‌గా సిమెంటు గట్టు పోద్దామనుకుంటున్నారని రాశావు. ఆ గట్టు మాత్రం వద్దు. మా వీధిలో అలాగే జానెడు వెడల్పున పోశారు. నెలలు నిండిన మా మేనకోడల్ని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ఆటో ఎగిరిపడింది, ఆ పిల్ల పెట్టిన కేక ఇంకా నా చెవిలోనే ఉంది. స్పీడ్ బ్రేకర్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పెట్టిన ప్రమాణం ఐఆర్‌సీ 99 ప్రకారం గుండ్రటి హంప్ (స్పీడ్ బ్రేకర్) వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. ఈ కొలతలే రాసి, ఇంటింటి సంతకాలతో, ఒడియాలో కార్పొరేషన్‌కు అర్జీ పెట్టండి.

ఈలోగా పార్కింగ్ మీ చేతిలోనే ఉంది. కార్లన్నీ ఒకే వైపు పెడితే మిగతా దారి తిన్నగా ఉండి జోరు ఇంకా పెరుగుతుంది. సగం వీధి దాకా ఎడమవైపు, అక్కణ్ణుంచి కుడివైపు పెట్టండి. బండి మెలిక తిరగాలి కాబట్టి దానంతటదే నెమ్మదిస్తుంది. అంబులెన్సు పట్టేంత దారి టేపుతో కొలిచి చూసుకోండి. మలుపు దగ్గర మాత్రం ఒక్క కారూ వద్దు. వినని వాళ్ళుంటే, అడ్డంగా, ప్రమాదకరంగా బండి వదిలేయడం మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ కిందికి వస్తుందని చెప్పండి.

ఆ కుర్రాళ్ళ ఇళ్ళకూ వెళ్ళండి. వేగం గంటకు 30 కిలోమీటర్ల నుంచి 45కి పెరిగితే గుద్దే శక్తి రెండింతలు దాటుతుందని వాళ్ళ అమ్మానాన్నలకు చెప్పండి.