పాత స్టీరియోలో వైఫై పాటలు

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. నాన్నగారు 80ల్లో కొన్న స్టీరియో ఆంప్లిఫయరు, రెండు పెద్ద స్పీకర్లు ఇంకా పనిచేస్తున్నాయి, క్యాసెట్ డెక్ మాత్రం పోయింది. ఇంట్లోవాళ్లు పాతసామాన్లకి వేసేసి బ్లూటూత్ స్పీకర్ కొనమంటున్నారు. నాకేమో ఫోన్లో పాటలు దీంట్లోనే వినాలనుంది, అమ్మకి పొద్దున్నే విజయవాడ రేడియోలో భక్తిరంజని కూడా రావాలి. ఏం చేయమంటారు?

జవాబు: దయచేసి అమ్మకండి. ఆంప్లిఫయరూ స్పీకర్లూ బాగుంటే అసలు ఖర్చంతా అయిపోయినట్టే, ఆ సైజు స్పీకర్లో మోగే మృదంగం చిన్న బ్లూటూత్ డబ్బాలో రాదు గాక రాదు. మీరు కొనాల్సింది నెట్‌వర్క్ స్ట్రీమర్ ఒక్కటే, అంటే వైఫైలో వచ్చే పాటని ఆంప్లిఫయర్‌కి అందించే చిన్న పెట్టె, విమ్ లాంటి కంపెనీలవి దొరుకుతున్నాయి. ఇంట్లో ఎలక్ట్రానిక్స్ పిచ్చి ఉన్న కుర్రాడుంటే రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కి డాక్ బోర్డు (డిజిటల్ పాటని ఆంప్లిఫయర్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చేది) తగిలించి, వాల్యూమియో అనే పాటల సాఫ్ట్‌వేర్ వేసుకోవచ్చు. స్ట్రీమర్ పాటని వైఫైలో తనే తెచ్చుకుంటుంది, స్పాటిఫై పాటల యాప్‌లో ఉండే కనెక్ట్ లాంటి వాటిల్లో ఫోన్ ఉత్త రిమోట్ కింద లెక్క, కాబట్టి మధ్యలో కాల్ వచ్చినా పాట ఆగదు, అదే బ్లూటూత్ అయితే ఆగుతుంది, పైగా పాటని మళ్లీ కంప్రెస్ చేస్తుంది.

ఇక వైరు ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యం. ఆంప్లిఫయర్ వెనక ఆక్స్, ట్యూనర్, టేప్ అని ఉన్నవాటిల్లో ఏదైనా పర్లేదు, మీకు టేప్‌ది ఎలాగూ ఖాళీయే. ఫోనో అని ఉన్నదాంట్లో మాత్రం అస్సలు పెట్టొద్దు, అది రికార్డ్ ప్లేయర్ సూది ఇచ్చే కొద్ది మిల్లీవోల్టుల్ని పెంచడానికి, బేస్‌ని లేపడానికి పెట్టింది, స్ట్రీమర్ దాదాపు 2 వోల్టులు ఇస్తుంది, సౌండ్ పగిలిపోతుంది.

ఆ కాలం సెట్లు కొన్నిటికి ఐదు బెజ్జాల గుండ్రటి డిన్ సాకెట్ ఉంటుంది. నంబర్లు వరసగా ఉండవు, నడిమిది 2, అది గ్రౌండ్. టేప్ సాకెట్లో 3 లెఫ్ట్, 5 రైట్, పాట లోపలికెళ్లేది వాటిల్లోంచే, 1, 4 రికార్డింగ్‌కి, అందుకని కేబుల్ కొనేటప్పుడు ప్లేబ్యాక్‌ది అని అడిగి తీసుకోండి. ఈ సాకెట్లకి 2 వోల్టులు ఎక్కువే, స్ట్రీమర్ వాల్యూమ్ తగ్గించి ఆంప్లిఫయర్ది పెంచుకోండి.

అమ్మగారి భక్తిరంజనికి ఆకాశవాణి వాళ్ల న్యూస్‌ఆన్‌ఎయిర్ యాప్‌లో విజయవాడ కేంద్రం లైవ్ వస్తుంది. అది ఫోన్లోంచి స్ట్రీమర్‌కి వెళ్లాలంటే ఐఫోన్ అయితే ఎయిర్‌ప్లే (వైఫై మీద పాట పంపే ఆపిల్ పద్ధతి), ఆండ్రాయిడ్ అయితే బ్లూటూత్, ఈ రెండూ ఉన్న స్ట్రీమరే చూసి కొనండి, రేడియోకి బ్లూటూత్ చాలు.

వాల్యూమ్ తిప్పితే గరగరమంటే కరెంటు తీసేసి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి నాబ్ అటూ ఇటూ బాగా తిప్పండి. స్పీకర్ జాలీ తీసి మధ్యలో కదిలే గరాటులాంటి కోన్ చుట్టూ ఉన్న అంచు కూడా చూడండి, ఫోమ్ అయితే మన ఉక్కకి ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతుంది, అలా ఉంటే కొత్త ఫోమ్ వేయించాకే సౌండ్ పెంచండి, రబ్బరో గుడ్డో అయితే పర్లేదు.